పాత స్టీరియో, క్రొత్త శ్రోత

ప్రత్తిపాడు అను పేరులోనే ప్రత్తి యున్నది. గుంటూరునకు దక్షిణపు వైపున, పెదనందిపాటి సీమ నానుకొని యున్న ఈ నల్లరేగడి మైదానమున ప్రత్తియు మిరపయు పండినంత కాలము ఇండ్లు పండినవి. అవి ఎండిన యేడు ఇండ్లును ఎండినవి. ఇంటిలోనికి క్రొత్త వస్తువు ఏది రావలెనన్నను ప్రత్తి తూకము ముగిసి, మిరప టిక్కీలు గుంటూరు చేరి, రొక్కము చేతబడవలసినదే. గ్రామఫోను, రేడియో, రికార్డు ప్లేయరు అను మూడు తరముల పెట్టెలును ఇట్టి యిండ్లకు పంటల వెంటనే వచ్చినవి. వాడుక తప్పినంతనే అటుక లెక్కినవి.

ఇప్పుడు ఆ పెట్టెలకు మరల గౌరవము కలుగుచున్నది. చదువుకొను పిల్లలు, క్రొత్తగా కాపురము పెట్టినవారు, పాత రికార్డులను వినవలెనను కోరికతో అటుకల నుండి వానిని దింపుచున్నారు. లేనివారు పాతసామానుల అంగళ్లలో వెదకుచున్నారు. చేత ధనము కొద్ది. అనుభవము అంతకన్న కొద్ది. అమ్మువాడు "ఇది అసలైన పాత సరకు" అన్నంత మాత్రమున కొనవచ్చునా? పెద్ద పెట్టె, మెరయు మీటలు, రెండు స్పీకర్లు ఉన్నంత మాత్రమున మంచి దగునా? ఈ ప్రశ్నలకు సమాధానము అంగడిలో లేదు. ఆ పెట్టెల చరిత్రలో నున్నది. ఏ కాలపు పాట ఏ విధముగా పళ్లెముపై గీయబడెనో తెలిసికొన్నవానికి, దానిని వినుటకు ఏ పెట్టె తగునో తనంతనే తెలియును. కావున ముందు చరిత్రను, పిదప బేరమును విచారింతము.

భారతదేశమున గ్రామఫోను రికార్డుల చరిత్ర 1902 నవంబరులో కలకత్తాయందు ప్రారంభ మయ్యెను. గ్రామఫోను కంపెనీ పక్షమున వచ్చిన గైస్‌బర్గు అను ఇంజనీరు అక్కడ గౌహర్‌జాన్ మొదలగువారి పాటలను పళ్లెముల కెక్కించెను. 1908లో కలకత్తా సియాల్దాయందు ఆ కంపెనీవారి కర్మాగారము నెలకొనెను. తరువాత అది డమ్‌డమ్‌నకు మారెను. ఆనాటి రికార్డు లక్కతో చేసినది. ప్రపంచమందలి పళ్లెములకు వలసిన లక్కలో అధికభాగము మన దేశపు అడవుల నుండియే పోయినది. పది అంగుళముల పళ్లెమునకు ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు మించి కొంచెము మాత్రమే పాట పట్టెడిది. రంగస్థలమున పావుగంట సాగదీయగల పద్యమును నటుడు ఆ మూడు నిమిషములలో కుదించి పాడవలసి వచ్చెను.

మన సీమకు ఇది మిక్కిలి దగ్గర విషయము. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావుగారి పాటలు, సుద్దపల్లిలో జన్మించిన ఈలపాట రఘురామయ్యగారి పద్యములు ఈ లక్క పళ్లెముల మీదనే ఊరూర తిరిగినవి. కొమ్మూరున జన్మించిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము' ఘంటసాలవారి కంఠమున రికార్డయి ఇంటింట వినబడెను. నాటకము చూచుటకు తెనాలికో గుంటూరునకో పోలేని యింటికి నాటకమే నడచివచ్చినట్లయ్యెను. హిజ్ మాస్టర్స్ వాయిస్, కొలంబియా, ఓడియన్ మొదలగు ముద్రలు గల ఆ పళ్లెములు నేటికిని కొన్ని యిండ్ల పెట్టెలలో గలవు. ఆ స్వరములలో కొన్ని ఆ పళ్లెముల మీద తప్ప మరెక్కడను మిగిలి యుండకపోవచ్చును. తప్పు పెట్టెపై ఒక్కసారి వినుట ఎంతటి నష్టమో ఇందువలననే తెలియును: గీతలో అరిగిన ధ్వని మరల రాదు.

ఈ మొదటి తరము నుండి క్రొత్తవాడు గ్రహింపవలసిన పాఠములు మూడు. మొదటిది: చేతితో త్రిప్పి వినెడి గ్రామఫోనునకు విద్యుత్తు లేదు, ముల్లు వణకిన వణకే ధ్వని యగును. అందుచే దాని ధ్వనిపేటిక బరువు నూరు గ్రాములకు పైబడి యుండును. ఉక్కు ముల్లును ప్రతి ప్రక్కకును మార్చవలెను. ఆ బరువును లక్క మోయగలదు. తరువాత వచ్చిన మెత్తని వినైలు పళ్లెము మోయలేదు. లాంగ్ ప్లే రికార్డును గ్రామఫోనుపై పెట్టినచో దానిని ఉలితో చెక్కినట్లే. రెండవది: ఇత్తడి బాకాతో, కుక్కబొమ్మతో మెరయుచు అంగళ్లలో కనబడు గ్రామఫోనులలో పెక్కులు ఇటీవల కూర్చినవి. పాత యంత్రమునకు క్రొత్త బాకా, క్రొత్త పెట్టె తగిలించి, ఆ గుర్తు నంటింతురు. అవి గది యలంకారమునకు పనికివచ్చునేమో గాని రికార్డు వినుటకు పనికిరావు. మూడవది: లక్క స్పిరిటులో కరగును. పాత పళ్లెమును స్పిరిటుతో తుడిచిన మరుక్షణమే అది పాడగును. కొలది సబ్బునీటితో, ముద్రకాగితము తడియకుండ తుడిచి, నీడన ఆరబెట్టుట మేలు.

రెండవ తరము రేడియో. 1938 జూన్ 16న మద్రాసు ఆకాశవాణి కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభ మయ్యెను. హైదరాబాదులో 1930వ దశకమున నెలకొన్న దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరెను. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చెను. విజయవాడ ప్రసారములు గుంటూరు మైదానమునకు ఇంటి గడియారము వంటివయ్యెను. భక్తిరంజనితో తెల్లవారెడిది, వ్యవసాయ కార్యక్రమముతో ప్రొద్దు గూకెడిది, ఉషశ్రీగారి పురాణ ప్రసంగము వచ్చు వేళకు అరుగుపై నలుగురు చేరెడివారు. విద్యుత్తు రాని పల్లెలలో ఎండు బ్యాటరీలతో నడచు సెట్లు ఉండెడివి. ఇంటిపై రెండు వెదురుగడల నడుమ ఏరియలు తీగ కట్టుట, తపాలా కార్యాలయమున ఏటేట లైసెన్సు రుసుము చెల్లించుట ఆనాటి గృహస్థుని విధులు. ఆ లైసెన్సు పద్ధతి 1980వ దశకమున రద్దయ్యెను.

మర్ఫీ, ఫిలిప్సు, బుష్, జి.ఇ.సి., నేషనల్ ఎకో మొదలగు పేర్లు గల ఆ వాల్వు రేడియోలు కొయ్యపెట్టెలలో వచ్చినవి. వాని ధ్వనికి ఒక నిండుదనము గలదు. మాటను అవి మిక్కిలి చక్కగా పలుకును. ఐనను స్టీరియో కోరువాడు రెండు సంగతులు మరువరాదు. మధ్యతరంగ ప్రసారము ఒంటిధ్వని. దానిని రెండు స్పీకర్ల పెట్టెలో విన్నను ఒంటిధ్వనియే. మన దేశమున ఎఫ్.ఎం. ప్రసారము 1977 జూలైలో మద్రాసున మొదలయ్యెను గనుక అంతకు పూర్వము ఇక్కడ అమ్ముడైన రేడియోలలో అధికభాగమునకు ఆ తరంగము లేదు. ఇటీవల అనేక మధ్యతరంగ ప్రసారిణులు మూతబడినవి. కావున రేడియో కొనుటకు ముందు, మన యింట పగలు ఏ కేంద్రము వినబడుచున్నదో చిన్న ట్రాన్సిస్టరుతో చూచుకొనవలెను. వినుటకు కేంద్రము లేనిచో ఎంతటి మర్ఫీయైనను కొయ్యపెట్టెయే.

వాల్వు రేడియో విషయమున ప్రాణాపాయ మొకటి గలదు. ఏ.సి., డి.సి. రెంటిపై నడచునట్లు చేసిన సెట్లలో లోపలి ఇనుపచట్రము నేరుగా కరెంటు తీగకు కలిసి యుండును. మీట ఊడిన చోట వ్రేలు తగిలినను దెబ్బ తగులవచ్చును. అట్టివానిని తెలిసిన మెకానిక్కు చేత పరీక్ష చేయింపక ముట్టరాదు. పిల్లలున్న యింట అసలే వలదు.

మూడవ తరము లాంగ్ ప్లే రికార్డు, స్టీరియో. అమెరికాలో కొలంబియా వారు 1948లో నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్ ప్లేను, మరుసటి యేడు ఆర్.సి.ఎ. వారు 45 చుట్ల చిన్న పళ్లెమును తెచ్చిరి. స్టీరియో భావన అంతకన్న పాతది. ఇంగ్లాండున బ్లమ్‌లైన్ అను ఇంజనీరు 1931లోనే ఒకే గీతలో రెండు ధ్వనులను పెట్టు విధానమునకు పేటెంటు కోరెను. గీతకు రెండు గోడలుండును గదా. ఒక గోడపై ఎడమ ధ్వని, రెండవ గోడపై కుడి ధ్వని. ముల్లు ప్రక్కలకే గాక పైకి క్రిందికి కూడ కదలవలెను. ఈ పద్ధతి అంగడికి వచ్చునప్పటికి 1958 వచ్చెను. మన దేశమున లాంగ్ ప్లే పళ్లెముల తయారీ 1959లో డమ్‌డమ్‌లో మొదలయ్యెను. 1969లో పాలిడార్ సంస్థ భారతదేశమున అడుగిడెను. సినిమా పాటల స్టీరియో రికార్డులు విరివిగా వచ్చినది 1970వ దశకమున.

మన మైదానమున నల్లరేగడిపై పొడుగుపింజ ప్రత్తి సిరులు కురిపించిన కాలమును అదియే. హెచ్.ఎం.వి. వారి ఫియెస్టా వంటి చేతిపెట్టె ప్లేయర్లు ఇండ్లకు వచ్చినవి. 1974లో ఘంటసాలవారు కన్నుమూసిన పిదప వెలువడిన భగవద్గీత రికార్డు ఎన్ని యిండ్లలో, ఎన్ని గుడులలో తిరిగెనో లెక్కపెట్టలేము. దిగుమతులపై కట్టుబాట్లు, సుంకములు 1991 సంస్కరణల వరకు గట్టిగా నుండుటచే విదేశపు స్టీరియోలు కొద్దిమందికే అందినవి. గల్ఫు దేశములకు పోయినవారు తెచ్చినవి కొన్ని. ఆ లోటును బొంబాయి కాస్మిక్, కలకత్తా సోనోడైన్ వంటి దేశీయ తయారీదారులు తీర్చిరి. ఫిలిప్సు వారు 1963లో ప్రకటించిన క్యాసెట్టు 1980వ దశకమునకు పల్లెపల్లెకు ప్రాకి, రికార్డును అటుక కెక్కించెను. ఆ దశకము నడుమనే తెల్లదోమ ప్రత్తిని పట్టి ఈ సీమను కుదిపినది. ఆ యేండ్లు చూచినవారికి పైరు మీద అప్పుచేసి వినోదవస్తువు కొనరాదని ఎవరును చెప్పనక్కరలేదు. చూడనివారికి మేము చెప్పుచున్నాము.

ఈ చరిత్రను బట్టి మన మొక నిర్ణయమునకు రావచ్చును. తెలుగు రికార్డుల నిధిలో అధికభాగము ఒంటిధ్వనియే: నాటక పద్యములు, 1960వ దశకము వరకు వచ్చిన సినిమా పాటలు, లలితగీతములు, హరికథలు. స్టీరియో పెట్టె వానికి క్రొత్తగా రెండవ ధ్వనిని ఇయ్యలేదు. అట్లయిన స్టీరియో ఏల? మా సమాధానము ఇది: స్టీరియో ముల్లు ఒంటిధ్వని లాంగ్ ప్లేను చెరుపదు, పాతకాలపు ఒంటిధ్వని ముల్లు స్టీరియో రికార్డును చెరుపును, ఏలయన అది పైకి క్రిందికి కదలుటకు ఏర్పడినది కాదు. రెండు రకముల పళ్లెములు గల యింటికి స్టీరియో ముల్లు గల ప్లేయరే క్షేమము. ఆంప్లిఫయరుపై 'మోనో' అను మీట యున్నచో మరింత మేలు. ఒంటిధ్వని పళ్లెమునకు ఆ మీట నొక్కినప్పుడు, ముల్లు పైకి క్రిందికి కదలుటచే పుట్టు చిటపటలు చాలవరకు ఒకదాని నొకటి కొట్టివేసికొనును. కొలది ధనముతో కొనువాడు వెదకవలసినది మెరయు దీపములను కాదు, ఈ చిన్న మీటను.

లక్క పళ్లెముల సంగతి వేరు. వాని గీత వెడల్పు. ముల్లు కొన అంగుళములో వేయింట మూడు వంతులుండవలెను. ఒంటిధ్వని లాంగ్ ప్లేకు వేయింట ఒక వంతు. స్టీరియోకు అంతకన్నను సన్నము. సన్నపు ముల్లు వెడల్పు గీత అడుగున దొర్లి, గరగర తప్ప పాట వినిపింపదు. కావున 78 చుట్ల వేగమున్న ప్లేయరు దొరికినంతనే సంతోషింపక, దానికి తగిన రెండవ ముల్లు దొరకునా యని విచారింపవలెను. వెనుకటి చేతిపెట్టె ప్లేయర్లలో ముల్లును త్రిప్పి ఒక వైపు 78కిని, రెండవ వైపు లాంగ్ ప్లేకును వాడు ఏర్పాటుండెడిది. ఆ ముల్లు అరిగినదో క్రొత్తదో తెలియనిచో మార్చిన పిదపనే మంచి రికార్డును పెట్టవలెను. వజ్రపు ముల్లు కొన్ని వందల గంటలు పనిచేయును. నీలమణి ముల్లు అందులో చిన్న వంతు మాత్రమే.

విదేశపు సరకు విషయమున మూడు ప్రశ్నలు వేయవలెను. మొదటిది వోల్టేజి: జపానులో వాడుటకు చేసిన వస్తువునకు 100 వోల్టులు, అమెరికా వస్తువునకు 120, మన యింటిది 230. తగిన ట్రాన్స్‌ఫార్మరు లేక తగిలించిన పెట్టె కాలిపోవును. రెండవది కరెంటు స్పందన: మనది సెకనుకు 50, అమెరికాలో 60. వోల్టేజి సరిచేసినను, స్పందనను బట్టి తిరుగు మోటారు గల అమెరికా ప్లేయరు ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగముతోనే తిరుగును. ఘంటసాలవారి గొంతు మరెవరిదో యగును. మూడవది ఎఫ్.ఎం.: జపానువారి దేశీయ ట్యూనర్లు సాధారణముగా 90 మెగాహెర్ట్జులతో ముగియును, మన కేంద్రములు 100కు పైన కూడ గలవు. చౌకగా వచ్చినదని కొన్న ట్యూనరు మూగది కావచ్చును.

ఇక పరీక్ష. వేగము చూచుటకు యంత్ర మక్కరలేదు. పళ్లెము అంచున కాగితపు ముక్క యుంచి, గడియారము చూచుచు లెక్కింపవలెను: లాంగ్ ప్లే వేగమున మూడు నిమిషములకు సరిగా నూరు చుట్లు రావలెను. వేగము నిలుకడగా నున్నదో లేదో తంబురా శ్రుతియో నాదస్వరపు దీర్ఘస్వరమో చెప్పును. స్వరము ఊగినచో రబ్బరు బెల్టు సాగినదనియో, రబ్బరు చక్రము గట్టిపడినదనియో గ్రహింపవలెను. బెల్టు మార్పు స్వల్ప వ్యయము. మోటారు చెడినచో అధిక వ్యయము. స్పీకరు ముందరి గుడ్డను తొలగించి చూడవలెను: అంచున నురుగుపట్టీ పొడియగుచున్నదా, కాగితపు శంకువును ఎలుక కొరికినదా? ప్రత్తి నూగు, మిరప ధూళి నిండిన యిండ్లలో ఈ భాగము త్వరగా పాడగును.

ఏండ్ల తరబడి మూలబడిన ఆంప్లిఫయరును గాని రేడియోను గాని నేరుగా కరెంటునకు తగిలింపరాదు. లోపలి కండెన్సర్లు ఎండి యుండును. ఒక్కసారిగా కరెంటు పారినచో అవి పగిలి, ట్రాన్స్‌ఫార్మరును కూడ తీసికొనిపోవును. వెనుకటి మెకానిక్కులు 60 లేక 100 వాట్ల తీగబల్బును వరుసలో కలిపి పెట్టె నుంచెడివారు. బల్బు క్షణము వెలిగి మందగించినచో లోపల పెద్దదోషము లేదు. ఉజ్జ్వలముగా వెలుగుచునే యున్నచో వెంటనే ఆపవలెను. ఇది ఇంటివారు చేయు పని కాదు. అమ్మువానిని చేసి చూపుమని అడుగుట మన హక్కు.

ధనమును పంచుకొనుట ఎట్లు? మా అభిప్రాయమున ఉన్న దానిని పది భాగములు చేసి, నాలుగు ప్లేయరునకు, రెండు ఆంప్లిఫయరునకు, రెండు స్పీకర్లకు వినియోగించి, తక్కిన రెండును క్రొత్త ముల్లునకును మరమ్మతునకును ముట్టకుండ నుంచవలెను. ప్లేయరునకు ఎక్కువ భాగమేల యనగా, రికార్డును తాకునది అదియే. ఆంప్లిఫయరు చెడినచో మార్చుకొనవచ్చును. స్పీకరు చినిగినచో అతికించుకొనవచ్చును. గీత అరిగినచో చేయగలిగినది లేదు. విడిభాగములు దొరకని విదేశపు పేరుకన్న, గుంటూరులోనో విజయవాడలోనో బాగుచేయగలవాడున్న దేశీయపు పెట్టె క్రొత్తవానికి మేలు. రెండు స్పీకర్లను ఒకేసారి కొనలేనివాడు సిగ్గుపడ నక్కరలేదు; ఒంటిధ్వని పళ్లెములు గల యింటికి ఒక మంచి స్పీకరు రెండు చెడ్డవానికన్న మిన్న.

ఇల్లు సర్దునప్పుడు పాత పళ్లెములను తూకమునకు వేయుట నేటికిని జరుగుచున్నది. అట్లు వేయుటకు ముందు ముద్రకాగితముపై పేర్లు చదువుడు. వానిని ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా, ఎండ తగులని చోట నుంచుడు. తగిన ముల్లు దొరకువరకు వినకుండుటయే వానికి చేయు సేవ. అది దొరకిన నాడు ఒక్కసారి శ్రద్ధగా వినుచు, ఆ ధ్వనిని కంప్యూటరులో భద్రపరచి, పిదప బంధువులకు పంచుడు. పెట్టె పాతదైనను క్రొత్తదైనను అది సాధనము మాత్రమే. కాపాడవలసినది ఆ మూడు నిమిషముల పద్యమును, దానిని పాడిన గొంతును.